అయస్కాంతం అంటని ట్రాక్

మా ఆయనకి కాలు నిలవదు. ఇది కోపంతో చెబుతున్న మాట కాదు. కోపం వేరే ఉంది, దాని సంగతి తరవాత చెబుతాను. భోజనానికి కూర్చున్నా ఆయన మోకాలు ఊగుతూనే ఉంటుంది, దాంతోపాటు బల్ల మీది మంచినీళ్ళ గ్లాసూ ఊగుతుంది. బస్సు ఆలస్యమైతే స్టాపులో నిలబడలేక తరవాతి స్టాపుకి నడుస్తాడు, సరిగ్గా ఆ మధ్యలోనే బస్సు ఆయన్ని దాటిపోతుంది. పెళ్ళయిన కొత్తలో మా అత్తగారు నన్ను పక్కకి పిలిచి, "వీడికి పుట్టినప్పట్నుంచీ అరికాళ్ళలో చీమలున్నాయమ్మా, నువ్వేం బెంగపెట్టుకోకు" అన్నారు. నేను బెంగపెట్టుకోలేదు గానీ, ఆ చీమలు కొన్ని నా మీదికీ పాకాయి.

ఆయన వైండింగు మేస్త్రి. కాలిపోయిన పంపులు, ఫ్యాన్లు, మిక్సీలు, కుట్టుమిషన్ల మోటార్లు షాపుకి తెస్తే, మాడిన తీగ ఊడబీకి కొత్త రాగితీగ చుట్టి ఇస్తాడు. చేతులు అంత నెమ్మదిగా పనిచేస్తుంటాయా, బల్ల కింద కాళ్ళు మాత్రం ఎక్కడికో ప్రయాణం కట్టినట్టే ఉంటాయి.

ఆ కాళ్ళు ఆగేది ఒక్కచోటే. మా వీధి చివర ప్రింటింగ్ ప్రెస్సు ఉంది, దాని మీద పొడుగాటి హాలు. ఆ హాలులో బల్లంత ఎత్తున ప్లైవుడ్ పరిచి, మెలికలు తిరిగే నాలుగు గాడులు కోసి, ఒక్కో గాడికి అటూ ఇటూ సన్నటి రాగి టేపు అంటించారు. అది బొమ్మకార్ల రేసు ట్రాక్. రాగిలో కరెంటు పారుతుంది. అరచేతిలో ఇమిడే కారుకి కడుపు కింద చిన్న నాలుక ఉంటుంది, అది గాడిలో దిగి దారి చూపిస్తుంది. నడిపే మనిషి చేతిలో ఒక మీట ఉంటుంది. నొక్కితే కారు పరిగెడుతుంది, వదిలితే ఆగుతుంది. అంతకుమించి ఏమీ లేదు. మలుపు ముందు ఎంత వదలాలో వేలికే తెలియాలి. తెలియకపోతే కారు గాడిలోంచి ఎగిరి గోడకి కొట్టుకుంటుంది. మలుపు దగ్గర నిలబడ్డవాళ్ళు దాన్ని ఏరి తెచ్చి మళ్ళీ గాడిలో పెడతారు.

ఆ మీట చేతిలో ఉన్నంతసేపూ మా ఆయన కాళ్ళు నేలకి మేకులు కొట్టినట్టు ఉండిపోతాయి. తలనెరిసినవాళ్ళకి బొమ్మకార్లేమిటని నవ్వేవాళ్ళు నవ్వుకోండి. ఆ కాళ్ళు ఆగడం కళ్ళారా చూసినదాన్ని, నేను మాత్రం నవ్వను.

ఆ ట్రాక్‌కి ఉన్న భక్తులు మొత్తం నలుగురు. మా ఆయన, పళ్ళ డాక్టరు, కళ్ళజోళ్ళ షాపాయన, లెక్కల మాస్టారు. ట్రాక్ కట్టింది మాత్రం మా ఆయనా డాక్టరూను. ఇద్దరూ పక్కపక్కన మోకాళ్ళ మీద పాకుతూ రాగి టేపు అంటించారు. అంత తెలివైనవాళ్ళు ఒక్క తలుపు సంగతి మరిచిపోయారు. ట్రాక్ ఆ తలుపు కంటే పెద్దదైపోయింది. ఇక దాన్ని అక్కణ్ణుంచి కదపాలంటే రంపంతో కోయడమే గతి.

రాగే ఎందుకు వేశారంటే దానికో కథ. బజార్లో దొరికే బొమ్మ సెట్లలో పట్టాలు ఇనపవి, కారు కింద అయస్కాంతం ఉంటుంది. అది ఇనుముని పట్టుకుని ఉంటుంది కాబట్టి కళ్ళు మూసుకుని నొక్కినా కారు పడదు. డాక్టరు దగ్గర దాని పేరెత్తితే చాలు, పుచ్చిపన్ను చూసినట్టు మొహం పెడతాడు. "అది నడపడమా? ఫ్రిజ్‌కి బొమ్మ అంటించడం" అంటాడు. ఎప్పటికీ ఎవడూ అయస్కాంతం వాడకుండా, అది అంటనే అంటని రాగి వేశారు. ఆ ముచ్చట చెప్పుకుని ఇద్దరూ తెగ మురిసిపోయేవాళ్ళు.

బాగా ఎండలు ముదిరిన రోజుల్లో ప్రెస్సు పెద్దావిడ మోకాలు పట్టుకుని హాలు మెట్లెక్కి వచ్చింది. బిల్డింగు ఆవిడదే.

"చూడు మేస్త్రీ, నా హాలు పాడుపడ్డట్టుంది. ఆదివారం నలుగురు వచ్చి పోతారు, మిగతా రోజులు ఎలకలు పందాలాడుతున్నాయి. డాన్సు నేర్పేవాళ్ళు ఇమ్మని అడుగుతున్నారు. వానలు పడేలోపు ఇక్కడ మనుషులు మసలాలి. లేదంటే ఆ చెక్క కోయించి కిందికి దింపు" అంది.

ఆ రోజు నుంచి మా ఇంట్లో కాలుకాలిన పిల్లి ఒకటి తిరగడం మొదలెట్టింది. వంటింట్లోంచి వీధిగుమ్మం, వీధిగుమ్మంలోంచి వంటిల్లు. "ఒకచోట కూర్చుని చెప్పండి, వింటాను" అన్నాను. కూర్చోలేదు, నిలబడే చెప్పాడు.

"హాలు పోతే ఇంకో హాలు దొరుకుతుందే. కానీ మా నలుగురి తరవాత మీట పట్టుకునేవాడు లేడు. ఒక్క కొత్త మనిషి కూడా రావట్లేదు. నాకు నిద్రపట్టనిది దానికి."

ఎలా వస్తారు? మంచి రేసు కారు కొనాలంటే సగం నెల జీతం పోయాలి. అది విని వచ్చినవాడు వచ్చినట్టే మెట్లు దిగిపోతాడు. అందుకని మా ఆయన ఒక నిర్ణయానికి వచ్చాడు. జత చెప్పుల ధరకి కారు ఇవ్వాలి. విడిభాగాలన్నీ ఒక అట్టపెట్టెలో పెట్టి, కొన్నవాళ్ళే ఇంట్లో కూర్చుని బిగించుకునేలా ఇవ్వాలి. తన చేత్తో బిగించుకున్న బండిని ఎవరూ అంత తేలిగ్గా వదిలిపెట్టరని ఆయన నమ్మకం.

ఇక మొదలైంది నా వంటింటికి గ్రహచారం. పాడైన డీవీడీ ప్లేయర్లలోంచి చిన్న మోటార్లు ఊడబీకాడు. సైకిలు చువ్వలు కోసి ఇరుసులు చేశాడు. కేబుల్ వైరు పైన ఉండే రాగి అల్లికని కత్తిరించి, కరెంటు అందుకునేలా నాలుకకి అటూ ఇటూ తగిలించే కుచ్చులు చేశాడు. పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ షీటుని నా పొయ్యి మీద వేడిచేసి, చెక్క అచ్చు మీద నొక్కి కారు పైకప్పులు తీశాడు. ఆ వాసనకి పక్కింటివాళ్ళు వచ్చి ఏం మాడిందని అడిగి వెళ్ళారు. నా తలరాత మాడిందని చెప్పాను.

అక్కడితో ఆగితే బాగుండేది. కానీ చవక మోటారు వైండింగు మేస్త్రి చేతిలో పడి ఊరికే ఉంటుందా? ప్రతిదాన్నీ విప్పి, కంపెనీవాడి తీగ తీసేసి, తన లెక్క ప్రకారం కొత్త తీగ చుట్టాడు. "చవకది అంటే నాసిరకం అనుకోకూడదు. గాలిలా పోవాలి" అన్నాడు. కొంప ముంచింది ఆ గాలే.

బిగించిన కారు ఒకటి షాపు అద్దంలో ఫ్యాన్ల మధ్య పెట్టాడు. మిక్సీ కోసం వచ్చినవాళ్ళు, పంపు కోసం వచ్చినవాళ్ళు ఆగి చూశారు. కుట్టుమిషను మోటారు తీసుకెళ్ళడానికి వచ్చిన టైలరమ్మ కూడా ఒక పెట్టె కొంది. బస్సు కండక్టరు కొన్నాడు. సందు మలుపులో ఆసుపత్రి నర్సు తనకొకటీ, తన చెల్లెలికొకటీ కొంది. చేసిన పెట్టెలన్నీ అమ్ముడుపోయేసరికి మా ఆయన షాపులో ఈల వేశాడు. పెళ్ళయి ఇన్నేళ్ళలో ఈల వేయడం వచ్చని నాకు తెలియనే తెలియదు.

మొదటి ఆదివారం హాలు కళకళలాడిపోయింది. టైలరమ్మ తన కారుకి గోళ్ళరంగుతో చారలు వేసి తెచ్చింది. కండక్టరు తన బస్సు నంబరే రాసుకొచ్చాడు. అందరూ మీటలు పట్టుకున్నారు. నొక్కారు.

మొదటి మలుపులోనే నాలుగు కార్లూ గాల్లో ఉన్నాయి.

డాక్టరు మలుపు దగ్గర నిలబడి ఒక్కొక్కటీ ఏరి గాడిలో పెట్టాడు. మళ్ళీ నొక్కారు, మళ్ళీ ఎగిరాయి. "వేలమ్మా, వేలు. వేలితో ఆలోచించండి. మొదట కొంచెం కష్టంగానే ఉంటుంది" అన్నాడు డాక్టరు, కుర్చీలో పడుకోబెట్టి నోరు తెరవమన్నంత మెత్తగా. నర్సు తన మీట చెల్లెలి చేతికిచ్చేసింది. కండక్టరు, "మా డొక్కు బస్సే నయమండీ, గోడల జోలికి పోదు" అని నవ్వి మీట కింద పెట్టేశాడు. ఆ నవ్వులో ఉక్రోషం నాకు కనిపించింది. పాతవాళ్ళు నలుగురికీ కనపడలేదు. వాళ్ళూ ఏళ్ళతరబడి కార్లు పడేసుకుంటూనే నేర్చుకున్నారట. అందుకని అందరూ అలాగే పడేసుకోవాలట.

రెండో ఆదివారం సగం మందే వచ్చారు. ఆ తరవాత ఇంకా పలచబడ్డారు. ఒకరోజు టైలరమ్మ తన పెట్టె తెచ్చి షాపు బల్ల మీద పెట్టింది. "అన్నయ్యగారూ, ఇది ఎవరికైనా ఇచ్చేయండి. నా చేతికి రాదు" అంది. అప్పుడు నేను షాపులోనే ఉన్నాను. ఆవిడ మెడ వంపు కుట్టేటప్పుడు చూడాలి. వంపు రాగానే కాలు దానంతటదే మిషను వేగం తగ్గిస్తుంది, వంపు దాటగానే పెంచుతుంది. అలాంటి మనిషికి వేగం పట్టుబడదంటే నేను నమ్మను. ముందే చెప్పానే కోపమని, అది ఇదే. చేతనైన మనిషి చేత చేతకాదనిపించారు ఈ నలుగురూ.

ఆ ఆదివారం టీ ఫ్లాస్కు పట్టుకుని హాలుకెక్కాను. "నాకూ ఒక మీట ఇవ్వండి" అన్నాను. మా ఆయన ఆశ్చర్యపోయి ఇచ్చాడు. నొక్కాను, కారు ఎగిరింది. నెమ్మదిగా నొక్కాను, అయినా ఎగిరింది. ముట్టుకోగానే దూకేలా చుట్టాడు మహానుభావుడు. మళ్ళీ మళ్ళీ గోడకి కొట్టాను. పాతవాళ్ళు ముసిముసిగా నవ్వుతుంటే ఒళ్ళు మండిపోయింది.

"ఏమండీ, షాపులో పనికి చేరినవాడికి మొదటిరోజే బోరు పంపు చేతికిస్తారా?"

"ఎందుకిస్తాను? టేబుల్ ఫ్యాన్ ఇస్తాను."

"మరి వీళ్ళకి బోరు పంపులెందుకిచ్చారు? ఆ అయస్కాంతమేదో పెట్టి ఇవ్వచ్చుగా."

"రాగికి అయస్కాంతం అంటదే."

"అంటకుండా చేసిందెవరు?"

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళని వాదించే మనిషి, ఆ రోజు వాదించలేదు. ఫ్లాస్కు మూత తీసి, టీ పోసుకోకుండానే మళ్ళీ పెట్టేశాడు.

తరవాత రోజులు ఎలా గడిచాయో నాకే తెలుసు. పీట వేస్తే లేచిపోయేవాడు, మాట్లాడబోతే చెప్పులేసుకునేవాడు. ఇనుము వేస్తే డాక్టరు ఊరుకోడు, వేయకపోతే పెద్దావిడ ఊరుకోదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఒక మధ్యాహ్నం పార్సిలు పెట్టెలకి కట్టే ఇనప పట్టీల చుట్ట భుజాన వేసుకుని వచ్చాడు. పెరట్లో కూర్చుని వాటి నీలంరంగు గీకడం మొదలెట్టాడు. నేనేమీ అడగలేదు, గీకడానికి ఇంకో రంపపు ముక్క తెచ్చి ఇచ్చాను.

డాక్టరుకి తనే వెళ్ళి చెప్పాడు. ఆ సాయంత్రమే డాక్టరు హాలుకి వచ్చాడు.

"ఎన్ని గాడులకి వేస్తావు?"

"రెండింటికి. మిగతా రెండూ రాగే. మనం వాటి మీద నడుపుకోవచ్చు."

"నలుగురం నాలుగు గాడుల మీదా వంతులవారీగా తిరిగితేనే పందెం మేస్త్రీ. రెండు ఇనుమైతే మనకిక పందెం లేదు. ఆ మాట నీకూ తెలుసు."

"తెలుసు. నడిపేవాళ్ళే లేకపోతే నాలుగు రాగి గాడులు పెట్టుకుని ఏం చేస్తాం చెప్పండి."

"దీనికంటే ట్రాక్ మొత్తం రంపంతో కోసేసినా బాగుండేది" అన్నాడు డాక్టరు. హాలు తాళంచెవి రింగులోంచి తీసి చెక్క మీద పెట్టి, మెట్లు దిగి వెళ్ళిపోయాడు. మా ఆయన ఆ తాళంచెవిని చాలాసేపు ముట్టుకోలేదు.

మర్నాడు కోత మొదలెట్టాం. రాగి టేపు ఒలుస్తుంటే చెక్క పెచ్చులు కూడా లేచి వచ్చాయి. గాడికి రెండు పక్కలా సన్నటి చీలికలు కోసి, పట్టీలు నిలువుగా దిగ్గొట్టాడు. నేను దీపం పట్టుకుని, పొట్టు ఊడుస్తూ ఉన్నాను. తరవాత పగిలిన స్పీకర్లలోంచి అయస్కాంతం ముక్కలు తీసి, ఒక్కో కారు కడుపు కింద ఒక్కో స్క్రూతో బిగించాడు. టైలరమ్మ పెట్టె పట్టుకుని వాళ్ళింటికి నేనే వెళ్ళాను. "వదినా, ఈ ఒక్కసారి రండి. ఈసారీ పడితే ఈ పెట్టె నా నెత్తిన కొట్టండి" అన్నాను.

వచ్చింది, కారు పడలేదు. గిర్రున తిరిగి తన ముందుకి వచ్చిన కారుని చూసి ఆవిడ నోరు తెరిచేసింది. కబురు దానంతటదే పాకింది. కండక్టరు తన డ్రైవరుని వెంటబెట్టుకొచ్చాడు. నర్సు చెల్లెలు స్నేహితుల్ని తెచ్చింది. మా ఆయన ఇంకొన్ని పెట్టెలు చేశాడు, ఈసారి మోటారు జోలికి పోకుండా. సాయంత్రాలు కూడా హాలు తెరవాల్సివచ్చింది. మొదటి వాన పడిన రోజున పెద్దావిడ గొడుగు ముడుచుకుని పైకొచ్చి చుట్టూ చూసింది.

"ఇప్పుడు మనుషులున్న చోటులా ఉంది. డాన్సువాళ్ళకి లేదని చెప్పేశాలే" అంది.

నేను ఊపిరి పీల్చుకున్నాను. మా ఆయన పీల్చుకోలేదు. ఇంటికి వస్తూ దారిలో అన్నాడు, "అది రేసు కాదే. రంగులరాట్నం."

నిజమే. ఎవరూ మీట మీద వేలు తీయడం లేదు. కండక్టరు ఒక చేత్తో మీట నొక్కి, రెండో చేత్తో ఫోనులో మాట్లాడుతూ పందెం గెలిచేవాడు. రాగి గాడుల మీద దుమ్ము పట్టింది. కళ్ళజోళ్ళాయనా లెక్కల మాస్టారూ అప్పుడప్పుడు వచ్చి, కాసేపు కూర్చుని, వానొస్తుందని లేచిపోయేవాళ్ళు. డాక్టరు అసలు రాలేదు. బజారులో ఎదురుపడితే ఇద్దరూ మందుల షాపు బోర్డు చదువుకునేవాళ్ళు. మా ఆయన హాలు తెరిచినంతసేపూ మలుపు దగ్గర నిలబడేవాడు, అక్కడ ఏరడానికి ఏ కారూ పడేది కాదు. ఇప్పుడు ఆయన మోకాలు ఆ హాలులో కూడా ఊగుతోంది. అది చూసి నాకు భయమేసింది. హాలు దక్కించాననుకున్నాను గానీ, హాలు ఎవరికోసమో ఆ మనిషి నాకు దక్కలేదు. ఇదంతా నేను పెట్టిన చిచ్చే కదా.

అలా ఉండగా ఒక ఆదివారం, బయట ముసురు పట్టి ఉంది. టైలరమ్మ తన కారుని బోర్లా తిప్పి పట్టుకుని మా ఆయన దగ్గరికి వచ్చింది.

"అన్నయ్యగారూ, దీని స్క్రూ ఏది?"

"ఎందుకమ్మా? ఏమైంది?"

"ఏమీ కాలేదు, అదే నా బాధ. ఎంత నొక్కినా ఏమీ కావట్లేదు. నిద్రొస్తోంది." ఆవిడ కారు ఆయన చేతిలో పెట్టింది. "ఈ అయస్కాంతం పీకేసి, అవతల రాగిదాంట్లో పెట్టివ్వండి."

"పడిపోతుందమ్మా."

"పడనివ్వండి. మలుపు ఎక్కడొస్తుందో ఇప్పుడు నాకు తెలుసు. అక్కడికి రాగానే వదలమని వేలు లాగుతోంది. వదిలినా వదలకపోయినా ఒకటే అయితే ఇంక నేను నడిపేదేముంది?"

మా ఆయన స్క్రూడ్రైవరు తీసి స్క్రూకి పెడితే జారిపోయింది, మళ్ళీ పెడితే మళ్ళీ జారింది. ఇన్నేళ్ళ మేస్త్రికి ఒక్క స్క్రూ తిరగలేదు. నేనే లాక్కుని తిప్పాను. నాకూ కళ్ళు మసకేసి సరిగా కనబడలేదు గానీ, ఎలాగో ఊడింది. అయస్కాంతం ముక్క నా అరచేతిలో పడింది.

ఆయన హాలు మూలకి నడిచి ఫోను చేశాడు. కార్ల రొదలో వినపడదని స్పీకరు పెట్టి గట్టిగా మాట్లాడితే నాకూ వినపడింది, అవతలి మాట కూడా.

"డాక్టరుగారూ. టైలరమ్మ తన కారుకి అయస్కాంతం తీసేయమంది."

అవతల్నుంచి డాక్టరు, "నువ్వు నూరిపోశావా?"

"నేను ఒక్క మాట అనలేదు. నిద్రొస్తోందట. రాగి మీద నడుపుతానంటోంది."

అవతల కుర్చీ జరిగిన చప్పుడైంది.

"నేను వచ్చేదాకా ఆవిణ్ణి మొదలెట్టనివ్వకు. చెప్పులేసుకుంటున్నా. ఆగమను."

ఆ మాట చెబుదామని మా ఆయన వెనక్కి తిరిగాడు. అప్పటికే గోళ్ళరంగు చారల కారు మొదటి మలుపులో ఎగిరి గోడకి కొట్టుకుంది. ఎవరో తెచ్చిస్తారని చూడకుండా టైలరమ్మ తనే కొంగు దోపుకుని దాని వెనక పరిగెత్తింది. మా ఆయన ఫోను పెట్టేయడం మరిచిపోయి, దాన్ని ట్రాక్ అంచున పడేసి, పక్కనే ఉన్న రాగి గాడి మీద దుమ్ము చొక్కా చేత్తో తుడుస్తూ తన మీట అందుకున్నాడు. ఫోనులో డాక్టరు ఇంకా ఆగమను, ఆగమను అంటూనే ఉన్నాడు.